వేలి కొన దాకా రక్తం చేరుతోందా? థర్మల్ కెమెరాతో చూసే పద్ధతి

నా ఎడమ చేతి ఉంగరపు వేలు 14 ఏళ్ల వయసులో పగిలిన గాజు గ్లాసు తగిలి మొదటి కణుపు దగ్గర లోతుగా తెగింది. గాయం మానింది. వేలు వంగుతుంది, బరువు మోస్తుంది, చూడటానికి సన్నని తెల్లటి గీత తప్ప ఏమీ కనబడదు. కానీ చల్లని నీటిలో చేయి ముంచి తీస్తే, మిగిలిన వేళ్లు వెచ్చబడిన తర్వాత కూడా అది ఆరేడు నిమిషాలు చల్లగానే ఉండిపోతుంది. రక్తప్రసరణ పరీక్షల గదిలో టెక్నీషియన్‌గా పనిచేసిన ఇన్నేళ్లలో, కొత్త కెమెరా ఏది చేతికి వచ్చినా దాని ముందు మొదట పెట్టేది ఆ వేలినే. దాని ఆలస్యాన్ని పట్టుకోలేని కెమెరాను రోగి దగ్గరకు తీసుకువెళ్లను. పట్టుకోలేకపోవడానికి కారణం కెమెరా కాక నా పద్ధతే అయితే, ఆ పద్ధతిని సరిదిద్దుకునే వరకు పరీక్ష మొదలుపెట్టను.

థర్మల్ కెమెరా అందుబాటులో ఉండి, దానితో చర్మంలోని రక్తప్రసరణను అంచనా వేయాలనుకునే నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు, వైద్య పరికరాల విద్యార్థులకు ఇది ఉపయోగపడుతుంది. చేతులనే ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాను. చర్మంలో రక్తప్రవాహం ఎంత త్వరగా పెరుగుతుందో, ఎంత త్వరగా తగ్గుతుందో వేళ్లు చూపినంత స్పష్టంగా మరే భాగమూ చూపదు.

కెమెరా చూసేది రక్తాన్ని కాదు

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు దాటిన చోట థర్మామీటరు ఉంచితే అది ఇంకా వేడెక్కడం గమనించాడు. అక్కడ ఉన్నవి కంటికి ఆనని పరారుణ కిరణాలు. మన చర్మం కూడా వాటిని నిరంతరం వెదజల్లుతూనే ఉంటుంది. 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న చర్మం నుంచి సుమారు 9.5 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఈ వికిరణం అత్యధికంగా ఉంటుంది. థర్మల్ కెమెరా పట్టుకునేది దీనినే. 1934లో జేమ్స్ హార్డీ మనిషి చర్మం, దాని రంగు ఏదైనా, పరారుణంలో దాదాపు సంపూర్ణ ఉద్గారకంగా, అంటే తన వేడికి తగినన్ని కిరణాలను దాదాపు పూర్తిగా వెదజల్లేదిగా ప్రవర్తిస్తుందని చూపాడు. అందుకే కెమెరాలో ఉద్గారతను, అంటే ఉపరితలం కిరణాలను ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే సంఖ్యను, 0.98గా పెట్టి వదిలేయవచ్చు. నల్లని చర్మానికొకటి, తెల్లని చర్మానికొకటి అవసరం లేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కెమెరాకు చేరే కిరణాలు చర్మపు పైపొర నుంచి, మిల్లీమీటరులో చిన్న భాగమంత మందం నుంచి వచ్చినవి. కింద ఉన్న ధమని గాని, అందులో కదిలే రక్తం గాని కెమెరాకు కనబడవు. ఎర్రగా మెరిసే చిత్రాన్ని చూసి 'ఇదిగో రక్తం' అనడం, పొయ్యి మీద గిన్నె మూత వేడిగా ఉందని తాకి లోపల ఏం వండుతున్నారో చెప్పడం లాంటిది.

అయితే ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చింది? వేలిలో ఎముక, స్నాయువు, చర్మం తప్ప కండ దాదాపు లేదు. అది సొంతంగా పుట్టించుకునే వేడి చాలా కొద్ది. గది 23 డిగ్రీలు ఉంటే, రక్తం అందని వేలు నెమ్మదిగా చల్లబడి 23 దగ్గరకే చేరుతుంది. 33 డిగ్రీల వేలిలో గది కంటే ఎక్కువగా ఉన్న ఆ 10 డిగ్రీలను మోసుకొచ్చింది రక్తమే. నా దృష్టిలో ఈ పద్ధతికంతటికీ పునాది ఇదే. అందుకే గది ఉష్ణోగ్రత తెలియని థర్మల్ చిత్రాన్ని నేను చదవను.

వేలి కొనలలో, అరచేతులలో, అరికాళ్లలో, చెవులలో, ముక్కులో చిన్న ధమనులను నేరుగా చిన్న సిరలకు కలిపే అడ్డదారులు ఉన్నాయి. రక్తం కేశనాళికల గుండా పోకుండా వీటి గుండా పెద్ద మొత్తంలో పారగలదు. వాటిని మూసే పని మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నాడులది. ఒంట్లో వేడి నిలుపుకోవలసి వస్తే మూస్తాయి, వదిలించుకోవలసి వస్తే సడలిస్తాయి. విశ్రాంతిలో చర్మమంతటికీ కలిపి నిమిషానికి సుమారు పావు లీటరు రక్తం అందుతుంటే, తీవ్రమైన వేడిలో అది 7 నుంచి 8 లీటర్ల దాకా పెరగగలదు. కాబట్టి చల్లని వేలంటే రక్తనాళం పూడుకుపోయిన వేలు అని అర్థం కాదు. ఆరోగ్యంగా ఉన్న వేలు శరీరం ఆజ్ఞకు లోబడి ముడుచుకుని ఉండవచ్చు. ఈ రెండింటినీ ఒక్క చిత్రం విడదీయలేదు. చర్మాన్ని ఒక ప్రశ్న అడిగి, అది జవాబు చెప్పే తీరును నిమిష నిమిషానికీ చూస్తేనే తేడా తెలుస్తుంది.

కెమెరాను పరీక్షించడం

కొనేటప్పుడు అందరూ అడిగేది 'ఎన్ని పిక్సెళ్లు?' అని. అడగవలసింది, 'నేను చూడబోయే వేలి మీద ఎన్ని పిక్సెళ్లు పడతాయి?' అని. 24 డిగ్రీల కోణంలో చూసే కటకం, అడ్డంగా 320 పిక్సెళ్లు ఉన్న కెమెరాను అర మీటరు దూరంలో పెడితే దాని చూపు వెడల్పు సుమారు 21 సెంటీమీటర్లు. ఒక్కో పిక్సెల్‌కు 0.66 మిల్లీమీటరు. 15 మిల్లీమీటర్ల వేలి కొన మీద 22 పిక్సెళ్లు వరుసగా పడతాయి. అదే 50 డిగ్రీల కటకం, 80 పిక్సెళ్లు ఉన్న చిన్న కెమెరా అయితే ఒక్కో పిక్సెల్‌కు దాదాపు 6 మిల్లీమీటర్లు. వేలి మీద పడేవి రెండు మూడే. అంచున ఉన్నవి వేలి వేడిని, వెనుక ఉన్న బల్ల చల్లదనాన్ని కలిపేస్తాయి. అటువంటి కెమెరాతో అరచేయి, పాదం వంటి పెద్ద భాగాలు చూడవచ్చు గాని వేళ్లను విడివిడిగా కొలవవద్దు.

రెండో సంగతి. ఒకే చిత్రంలో పక్కపక్కనున్న రెండు చోట్ల మధ్య 0.05 డిగ్రీల తేడాను సైతం ఈ కెమెరాలు పసిగట్టగలవు. కానీ అవి చూపే అసలు ఉష్ణోగ్రతలో 2 డిగ్రీల దాకా తప్పు ఉండవచ్చని తయారీదారులే రాస్తారు. కాబట్టి ఒకే చిత్రంలో కుడిని ఎడమతో పోల్చండి, వేలిని చేతి వెనుకభాగంతో పోల్చండి. ఒక కెమెరాతో తీసిన అంకెను మరో కెమెరా అంకెతో పోల్చవద్దు.

నేను ప్రతి ఉదయం చేసే తనిఖీ చిన్నది. వెడల్పాటి పాత్రలో నలగ్గొట్టిన మంచు, నీళ్లు కలిపి బాగా తిప్పితే అది 0 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. మరో పాత్రలో 33 డిగ్రీల గోరువెచ్చని నీరు పోసి, మంచి థర్మామీటరుతో సరిచూసుకుంటాను. నీటి ఉద్గారత సుమారు 0.96; ఆ సంఖ్యను కెమెరాలో పెట్టి నిటారుగా పైనుంచి చూసి రెండు అంకెలూ రాసుకుంటాను. ఇవాళ ఒక డిగ్రీ ఎక్కువ చూపితే, రేపూ అంతే ఎక్కువ చూపితే ఇబ్బంది లేదు. రోజుకో తీరుగా మారితేనే భయపడాలి. కెమెరాను ఆన్ చేసిన వెంటనే వాడవద్దు. లోపలి వేడి నిలకడకు రావడానికి కనీసం 15 నిమిషాలు ఇవ్వండి. అప్పుడప్పుడు అది టక్కుమని చప్పుడు చేసి, లోపలి రెప్ప మూసి తనను తాను సరిచూసుకుంటుంది. ఆ చప్పుడుకు ముందూ వెనుకా కొద్ది క్షణాల అంకెలను నేను లెక్కలోకి తీసుకోను.

రంగుల విషయంలో కూడా ఒక మాట. కెమెరాలు మామూలుగా చిత్రంలోని అతి చల్లని చోటికి నీలం, అతి వేడి చోటికి తెలుపు లేదా ఎరుపు తమంతట తామే కేటాయిస్తాయి. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక యువతి చేతుల చిత్రంలో మూడు వేళ్లు ముదురు నీలంగా కనబడితే, ఆమె ఎదుటే కంగారుపడి వైద్యుడిని పిలిచాను. తీరా చూస్తే ఆ చిత్రంలోని అతి చల్లని చోటుకూ అతి వెచ్చని చోటుకూ మధ్య తేడా ఒకటిన్నర డిగ్రీ మాత్రమే. ఆమె ముఖంలో ఆ రోజు కనబడిన భయాన్ని నేను మరచిపోలేదు. అప్పటి నుంచి ఎవరి చేతులైనా సరే, రంగుల కొలబద్దను 20 నుంచి 36 డిగ్రీలకు బిగించి ఉంచుతాను. తెరను రోగి వైపు తిప్పేది పరీక్ష పూర్తయ్యాకనే.

గది, మనిషి

కెమెరా ఎంత ఖరీదైనదైనా గది సరిగా లేకపోతే వృథా. 23 డిగ్రీలు, ఒక డిగ్రీకి మించి అటూ ఇటూ కదలకూడదు. ఫ్యాను గాలి గాని, ఏసీ గాలి గాని చేతుల మీద నేరుగా పడకూడదు. కిటికీ గుండా ఎండ రాకూడదు. వేడెక్కే దీపాలు, మెరిసే లోహపు పలకలు కెమెరా చూపులో ఉండకూడదు. లోహం, గాజు పరారుణాన్ని అద్దంలా తిప్పికొడతాయి. స్టీలు బల్ల మీద పెట్టిన చేతి చుట్టూ కనబడే వెలుగు కొన్నిసార్లు మీ సొంత ముఖానిదే. పైగా స్టీలు బల్ల అరచేతి వేడిని లాగేసుకుంటుంది. నేను చెక్క చట్రానికి సన్నని వల కట్టించుకుని చేతులను దాని మీద, గాలిలో ఉన్నట్టుగా ఆనించమంటాను.

వచ్చే మనిషికి ముందు రోజే చెప్పి ఉంచండి: పరీక్షకు ముందు కొన్ని గంటలు పొగ, కాఫీ, టీ, మద్యం వద్దు; వ్యాయామం వద్దు; చేతులకు నూనె గాని క్రీము గాని రాసుకోవద్దు; గోళ్ల రంగు తీసేయాలి; ఉంగరాలు, గడియారం ఉంచవద్దు. రక్తపోటు మందుల వంటివి వాడుతుంటే వాటిని మానమని మీరు చెప్పవద్దు. పేరు, వేళ రాసుకుంటే చాలు.

లోపలికి వచ్చాక చేతులు బట్టలకు, ఒంటికి, ఒకదానికొకటి తగలకుండా గుండె ఎత్తులో ఉంచి 15 నుంచి 20 నిమిషాలు ప్రశాంతంగా కూర్చోవాలి. 'ప్రశాంతంగా' అన్న మాట అలవాటుగా రాసింది కాదు. ఒకసారి ఒక విద్యార్థి వేళ్లు 32 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్నాయి. అతని ఫోను మోగింది. పరీక్షా ఫలితాల గురించి ఏదో విన్నాడు. రెండు నిమిషాల్లో పది వేళ్లూ కలిసికట్టుగా దిగజారడం తెర మీద చూశాను. అతని రక్తనాళాలకు ఏమీ కాలేదు. మనసు కలత చెందింది, నాడులు ఆ అడ్డదారులను మూశాయి. అందువల్ల గదిలో ఫోనులు ఉండనివ్వను, మధ్యలో ఎవరినీ తలుపు తీయనివ్వను, నేను కూడా అవసరానికి మించి మాట్లాడను.

చల్లని నీటి పరీక్ష

మొదట ఎవరికి చేయకూడదో చూడండి. వేలి కొనల మీద పుండ్లు ఉన్నవారికి, చలికి ఒళ్లు దద్దుర్లు వచ్చేవారికి, చలికి గడ్డకట్టే ప్రొటీన్లు రక్తంలో ఉన్నాయని తేలినవారికి ఈ పరీక్ష వద్దు. మిగిలిన వారి విషయంలోనూ వైద్యుడి సలహా మీదనే చేయండి. నొప్పి మొదలైతే వెంటనే ఆపేయాలి.

ముందు రెండు చేతుల వెనుకభాగాలూ ఒకే చిత్రంలో పడేలా కెమెరాను నిటారుగా పైన బిగించండి. వంకరగా చూస్తే చర్మం చల్లగా కనబడుతుంది. 45 డిగ్రీలకు మించి వాలనివ్వకండి. వేళ్లను కొద్దిగా ఎడంగా ఉంచమనండి. చేతులు ఎక్కడ ఉండాలో చట్రం మీద గీసుకుంటే, ముంచి తీసిన తర్వాత మళ్లీ అదే చోట పెట్టడం తేలిక. మొదటి చిత్రం తీసి, ఒక్కో వేలి కొనకూ, చేతి వెనుకభాగం మధ్యకూ ఉన్న తేడాను రాసుకోండి.

తర్వాత రెండు చేతులకూ పలుచని ప్లాస్టిక్ తొడుగులు వేసి, మణికట్టు దాకా 20 డిగ్రీల నీటిలో సరిగ్గా ఒక నిమిషం ముంచాలి. నీటిని తిప్పుతూ ఉండండి. నిలిచిన నీరు చేతి చుట్టూ వెచ్చని పొరగా మారుతుంది. మంచునీరు ఎందుకు వాడకూడదని చాలామంది అడుగుతారు. మంచునీటిలో నొప్పే పెద్ద సంకేతమై అందరి రక్తనాళాలనూ మూసేస్తుంది. పైగా అంత చలిలో కాసేపటికి వేళ్లలోని నాళాలు వాటంతట అవే తెరుచుకుంటూ మూసుకుంటూ అలల్లా స్పందిస్తాయి. థామస్ లూయిస్ 1930లో వర్ణించింది ఈ స్పందననే. మనకు కావలసింది చిన్న ప్రశ్న. 20 డిగ్రీల నీరు ఆరోగ్యవంతుడిని పెద్దగా బాధించదు, చలికి వేళ్లు తెల్లబడే మనిషిలోని బలహీనతను మాత్రం బయటపెడుతుంది.

తొడుగులను మరొకరు మెల్లగా లాగి తీయాలి, రుద్దకూడదు, తుడవకూడదు. తీసిన వెంటనే వేళ్లను దగ్గరగా చూసి తడి ఉందేమో గమనించండి. ఒకసారి తొడుగుకు సూదిమొనంత చిల్లు పడి ఒక పెద్దాయన చూపుడు వేలు తడిసింది. నేను గమనించలేదు. ఆ తేమ ఆవిరవుతున్నంత సేపూ వేలు గది కంటే చల్లగా, 21 డిగ్రీల దగ్గర ఉండిపోయింది. రక్తం అసలే అందని వేలు కూడా కాసేపటికి గది వేడికి చేరాలి కదా, ఇది అంతకంటే కిందికి ఎలా వెళ్లిందన్న ప్రశ్నే నన్ను ఆపింది. గది కంటే చల్లగా నిలిచిపోయిన చోటు కనబడితే రక్తాన్ని అనుమానించే ముందు తడిని అనుమానించండి.

ఇక 15 నిమిషాల పాటు ప్రతి 15 సెకన్లకు ఒక చిత్రం. చేతులు కదలకూడదు. ఒక్కో వేలి కొన మీద ఒకే పరిమాణంలో చిన్న వృత్తం గీసి, అందులోని సగటు ఉష్ణోగ్రతను కాలంతో పాటు గ్రాఫు గీయండి. ఒకే పిక్సెల్ అంకెను నమ్మకండి.

గీతను చదవడం

రక్తం చురుకుగా చేరే వేలు గీత ఇలా ఉంటుంది: కొద్ది నిమిషాలు కింద బద్ధకంగా పాకుతుంది, ఒక్కసారిగా లేస్తుంది, పైన మళ్లీ చదునవుతుంది. ఆ హఠాత్తు లేవడమే అడ్డదారులు తెరుచుకున్న ఘడియ. చిత్రంలో చూస్తే వెచ్చదనం తరచుగా వేలి కొన నుంచే మొదలై మణికట్టు వైపు వ్యాపిస్తుంది. మొదటిసారి చూసినవారు కెమెరాను తలకిందులుగా పెట్టామేమో అనుకుంటారు. నా చేతిలో చూపుడు వేలు, మధ్యవేలు నాలుగో నిమిషంలో లేస్తాయి, చిటికెన వేలు అయిదో నిమిషంలో, ఆ ఉంగరపు వేలు పదో నిమిషం దాటాక.

నాళాలు ముడుచుకుపోయిన వేలి గీతలో ఆ మలుపు ఉండదు. గాలి వేడికి, అరచేతి నుంచి పాకే వేడికి కొద్దికొద్దిగా పెరిగి 23, 24 దగ్గర వాలిపోతుంది. వెచ్చదనం కూడా చేతి వెనుకభాగం నుంచి వేలి కొన వైపు ఈడ్చుకుంటూ వెళుతుంది. మోరిస్ రేనో 1862లో వర్ణించిన, చలికి వేళ్లు తెల్లబడి నీలమై ఎర్రబడే స్థితిలో ఇటువంటి గీత కనబడుతుంది. అయితే అది నాళాల అతి స్పందన మాత్రమేనా, లేక వాటి గోడలే దెబ్బతిన్నాయా? దీనికి చక్కని ఉపాయం ఒకటి ఉంది. గదిని 30 డిగ్రీలకు వెచ్చబరచి మళ్లీ చిత్రం తీస్తారు. ముడుచుకున్న నాళాలే కారణమైతే వెచ్చని గదిలో సడలి, వేలి కొనకూ చేతి వెనుకభాగానికీ ఉన్న తేడా మాయమవుతుంది. అప్పుడు కూడా వేలి కొన 1 డిగ్రీ కంటే ఎక్కువ చల్లగా మిగిలిపోతే, లోపల స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడి, చిన్న నాళాలు దెబ్బతినే జబ్బు) వంటిది ఉందేమో వెతకమని వైద్యుడికి చెప్పే బలమైన సూచన అది.

డిగ్రీలను రక్తప్రవాహంగా చదివేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. నాకిది అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. నిలకడ స్థితిలో వేలు గాలికి పోగొట్టుకునే వేడి, రక్తం తెచ్చే వేడి సమానం. పోయేది వేలికీ గదికీ ఉన్న తేడాను బట్టి, వచ్చేది రక్తానికీ వేలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. కాబట్టి మొదటి తేడాను రెండో తేడాతో భాగిస్తే రక్తప్రవాహానికి సుమారు కొలమానం వస్తుంది. రక్తం 37 డిగ్రీలు, గది 23 అనుకుందాం. 25 డిగ్రీల వేలికి: 2ను 12తో భాగిస్తే 0.17. 26 డిగ్రీలకు: 3ను 11తో భాగిస్తే 0.27. 33 డిగ్రీలకు: 10ని 4తో భాగిస్తే 2.5. 34 డిగ్రీలకు: 11ను 3తో భాగిస్తే 3.67. కింద ఒక డిగ్రీ పెరిగితే కొలమానం 0.1 పెరిగింది, పైన అదే ఒక డిగ్రీ పెరిగితే 1.17 పెరిగింది. తెర మీద ఒకేలా కనబడే ఒక డిగ్రీ వెనుక పది రెట్లకు పైగా తేడా దాగి ఉంది! మణికట్టుకు చేరే సరికే రక్తం 37 కంటే చల్లబడి ఉంటుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా 25, 33 డిగ్రీల వేళ్లను పోల్చి 'కొంచెం తేడా' అని రాయకుండా ఆపుతుంది. అక్కడ ఉన్నది 15 రెట్ల తేడా.

ఇంకో హద్దు కాలానిది. చర్మం వేడిని మెల్లగా మాత్రమే పైకి పంపుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వచ్చే మార్పు పైపొరకు చేరేలోపే దాదాపు చదునైపోతుంది. నిమిషానికి ఒకటి రెండు సార్లు వచ్చే నిదానమైన అలలు మాత్రం పైకి కనబడతాయి. గీత సన్నగా ఊగుతుంటే కంగారుపడకండి. చిన్న నాళాలు తెరుచుకుని మూసుకునే లయ అది.

చేతులు కాక మిగిలినవి

కఫ్ బిగించి చేసే పరీక్ష కూడా ఉంది. పైచేతికి రక్తపోటు కఫ్ కట్టి, సిస్టోలిక్ (రక్తపోటులోని పై అంకె) కంటే ఎక్కువ ఒత్తిడితో అయిదు నిమిషాలు రక్తాన్ని ఆపి వదిలితే, ఆరోగ్యమైన నాళాలు వెడల్పై వేలి ఉష్ణోగ్రత జోరుగా పైకి లేస్తుంది. శిక్షణ పొందినవారు, వైద్య పర్యవేక్షణలో మాత్రమే చేయాలి. డయాలిసిస్ కోసం చేతిలో ఫిస్టులా (ధమనిని సిరకు కలిపిన చోటు) ఉన్నవారికి, రొమ్ము శస్త్రచికిత్స తర్వాత ఆ వైపు చేయి వాచినవారికి ఆ చేతికి కఫ్ కట్టనే వద్దు.

శస్త్రచికిత్సలో ఒక ఉపయోగం నాకు ఎంతో ఇష్టం. పొట్ట దగ్గరి చర్మాన్ని, కొవ్వును తీసి రొమ్మును పునర్నిర్మించేటప్పుడు, కండను చీల్చుకుని పైకి వచ్చే చిన్న ధమనులు ఎక్కడ ఉన్నాయో తెలియాలి. పొట్ట మీద కాసేపు చల్లగాలి వీచి ఆపితే, అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ప్రకాశంగా వెలిగే చుక్కలు ఆ ధమనులు పైకి వచ్చే చోట్లను సూచిస్తాయి. చేతి డాప్లర్‌తో (ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని పసిగట్టే చిన్న పరికరంతో) నిర్ధారించుకుని పెన్నుతో గుర్తు పెడతారు. ఇక్కడ కూడా చిత్రం కాదు, చల్లబడిన తర్వాత తిరిగి వెలిగే వరుసే దారి చూపింది.

పాదాల విషయంలో వెచ్చదనాన్ని శుభమని అనుకోవద్దు. మధుమేహం ఉండి పాదాలలో స్పర్శ తగ్గినవారిలో, ఒక పాదంలోని చోటు రెండో పాదంలోని అదే చోటు కంటే 2.2 డిగ్రీలు వేడిగా ఉంటే అది పుండు పడబోయే ముందు వచ్చే వాపుకు హెచ్చరికగా తీసుకుంటారు. అలాగే కాలి ధమని సన్నబడినా పక్కదారుల ద్వారా రక్తం అంది పాదం వెచ్చగా ఉండవచ్చు. అక్కడ చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించే పరీక్ష చేయించాలి; 0.9 లేదా అంతకంటే తక్కువ వస్తే ధమని వ్యాధిని అనుమానిస్తారు. కెమెరా దానికి ప్రత్యామ్నాయం కాదు. రొమ్ము క్యాన్సర్ కోసం మామోగ్రఫీ మాని థర్మల్ చిత్రం తీయించుకోమని ఎవరైనా చెబితే నమ్మకండి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ విషయంలో స్పష్టంగా హెచ్చరించింది.

కాలు గాని చేయి గాని హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, నొప్పిగా, తిమ్మిరిగా ఉండి, నాడి తగలకపోతే కెమెరా తీయవద్దు, ఆ నిమిషమే ఆసుపత్రికి పంపండి. ఆలస్యమైన ప్రతి గంటా ఆ అవయవాన్ని ప్రమాదంలోకి నెడుతుంది.

రాసి ఉంచవలసినవి

చిత్రాలతో పాటు నేను కాగితం మీద రాసేవి: గది ఉష్ణోగ్రత పరీక్షకు ముందు, మధ్యలో, చివర, గాలిలో తేమ శాతం, మనిషి కూర్చున్న వేళ, చివరిగా తిన్నది, తాగింది ఎప్పుడు, మందులు, పాత గాయాలు, ముఖ్యంగా తెగిన నాడులు, మహిళలైతే ఋతుచక్రంలో ఏ రోజు, కెమెరాకూ చేతికీ దూరం, ఉదయం మంచునీటి తనిఖీలో వచ్చిన అంకె. రంగుల చిత్రాన్ని మాత్రమే భద్రపరచి, ప్రతి పిక్సెల్ ఉష్ణోగ్రత ఉన్న మూల ఫైలును చెరిపేస్తే తర్వాత ఎవరూ దానిని మళ్లీ కొలవలేరు. రెండూ ఉంచండి.

వైద్యుడికి పంపే నివేదికలో జబ్బు పేరు రాయను. 'కుడి చూపుడు, మధ్య వేళ్లు 15 నిమిషాల తర్వాత కూడా 24 డిగ్రీలు దాటలేదు. మిగిలినవి ఆరో నిమిషానికి 31 చేరాయి. గది 23' అని రాస్తాను. కనీసం మరో రోజు, అదే వేళకు, అదే గదిలో ఇంకోసారి చేసి రెండు గీతలనూ ఒకే కాగితం మీద గీసి పంపుతాను. రెండూ ఒకదాని మీద ఒకటి పడకపోతే మూడోసారి పిలుస్తాను.